ముసురు పడితే ఒళ్ళు కదలదు, మనసూ కదలదు: వెలుతురుకీ దీనికీ సంబంధం ఉందా?

సునాబెడ కోడలు | ఆగస్టు 19, మధ్యాహ్నం 2:10

అందరికీ నమస్కారం. మా పుట్టిల్లు విజయనగరం వైపు. పెళ్ళయ్యాక ఒడిశా కొండల్లోని సునాబెడ వచ్చాను. ఎండాకాలం ఈ కొండమీద హాయిగానే ఉంటుంది కానీ, ఆషాఢం వచ్చిందంటే నా పని అయిపోతుంది. ముసురు పట్టి మబ్బు వదలడం లేదు. క్వార్టరు వెనక కొండ, ముందు పెద్ద పనసచెట్టు. చెమ్మ వస్తుందని కిటికీలు మూసేస్తాం. పగలు పదకొండింటికి కూడా ట్యూబులైటు వేసుకునే కూర తరుగుతాను. బట్టలు హాల్లోనే దండెం కట్టి ఫ్యాను కింద ఆరేస్తున్నాం, అదొక ముక్క కంపు.

రాత్రి తొమ్మిదింటికి పడుకున్నా పొద్దున్న లేవలేను. లేచినా ఒళ్ళంతా మజ్జుగా ఉంటుంది. అన్నం సయించదు, తీపి మాత్రం ఎంతైనా లాగిస్తాను. అమ్మ ఫోన్ చేస్తే ఎత్తబుద్ధి కాదు. దసరా దాటి ఎండ కాసేసరికి అంతా సర్దుకుంటుంది. పోయినేడూ ఇంతే. మా అత్తయ్యగారు "పనిలో పడితే అదే పోతుందమ్మా" అంటారు. ఆవిడ మంచావిడే, తిట్టడం కాదు. ఇది నిజంగా బద్ధకమేనా? ఇంకెవరికైనా ఇలా ఉంటుందా?

గుణుపురం బుల్లోడు | ఆగస్టు 19, మధ్యాహ్నం 3:02

వర్షాకాలంలో అందరికీ నిద్దరొస్తాది కదండీ! వేడి పకోడీ, దుప్పటి, రేడియో. ఇదేటి రోగం?

పర్లాకిమిడి పంతులు | ఆగస్టు 19, సాయంత్రం 6:45

బుల్లోడూ, నిద్ర రావడం వేరు, కన్నతల్లి ఫోను ఎత్తబుద్ధి కాకపోవడం వేరు.

అమ్మా, నేను సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి, డాక్టరుని కాను. అయినా వెలుతురు సంగతి కాస్త చెప్పగలను. చూపు కోసం కంట్లో రెండు రకాల కణాలుంటాయని బడిలో చెప్పేవాళ్ళం: మసక వెలుతురులో పనిచేసేవి, రంగులు పట్టేవి. మూడో రకం కూడా ఉందని ఆ పాఠాల్లో లేదు. ఆ మూడో రకం కణాల్లో మెలనాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని 1998లో కనుక్కున్నారు. ఆ కణాలు తమంతట తామే వెలుగుకి స్పందిస్తాయని 2002లో తేలింది. బొమ్మ చూపించడం వాటి పని కాదు. బయట ఎంత వెలుగుందో, ఎంతసేపటినించి ఉందో మెదడులోని గడియారానికి చేరవేస్తాయి. నీలి వెలుగుకి, అంటే 480 నానోమీటర్ల దగ్గరున్న వెలుగుకి, ఎక్కువ కదులుతాయి. ఆకాశపు వెలుగులో అది పుష్కలంగా ఉంటుంది.

కంటి నరాలు కలుసుకునే చోటుకి కాస్త పైన ఉంటుందా గడియారం. బియ్యపు గింజకన్నా చిన్నది. చీకటి పడ్డాక మెలటోనిన్ (రాత్రయిందని ఒంటికి తెలిపే హార్మోను) విడుదల చెయ్యమని, తెల్లారాక ఆపమని మెదడులోని పీనియల్ గ్రంథికి చెప్పేది అదే. చాలామందికి ఈ గడియారం రోజుకి 24 గంటలకన్నా కొంచెం మెల్లగా నడుస్తుంది. రోజూ పొద్దున్న వెలుగు పడితేనే సరిపడుతుంది. పడకపోతే రోజురోజుకీ వెనక్కి జారుతుంది. అప్పుడు మీరు ఆరింటికి లేచినా ఒంటికి అది ఇంకా అర్ధరాత్రి దాటిన వేళే.

మనసు సంగతికొస్తే, 2002లో ఆస్ట్రేలియాలో 101 మంది మగవాళ్ళ మీద ఒక పరిశీలన జరిగింది. మనసు కుదురుగా ఉండటానికి తోడ్పడే సెరటోనిన్ అనే రసాయనం తయారీ మెదడులో చలికాలంలో బాగా తగ్గింది. ఎండ ఎక్కువసేపు కాసిన రోజున పెరిగింది.

ఇక మన ఇళ్ళు. వెలుగుని లక్స్‌లలో కొలుస్తారు. ట్యూబులైటు వేసిన గదిలో మహా అయితే 100 నుంచి 300 లక్స్ ఉంటుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో లక్ష. ఈ తేడా మన కంటికి తెలియదు, ఎందుకంటే కన్ను ఏ వెలుగుకి ఆ వెలుగుకి సర్దుకుపోతుంది. గది వెలుతురుగానే ఉందని మనం అనుకుంటాం. లోపలి గడియారానికి మాత్రం అది సాయంసంధ్య.

గుణుపురం బుల్లోడు | ఆగస్టు 19, రాత్రి 8:20

మాష్టారూ, మీరేది సెప్పినా నమ్మీసేలా సెప్తారు. కానీ ఇది మంచు దేశాలోళ్ళ గోల కాదా? ఆళ్ళకి పొద్దే పొడవదు. మనకేటి, ఎండ వొద్దంటే ఆగదు!

పర్లాకిమిడి పంతులు | ఆగస్టు 19, రాత్రి 9:05

సగం నిజమే చెప్పావు. చలికాలపు దిగులుకి ఓ జబ్బుగా పేరు పెట్టి వర్ణించింది 1984లో, అమెరికాలో, నార్మన్ రోసెంతాల్ బృందం. స్టాక్‌హోంలో డిసెంబరు మూడోవారంలో పగలు సుమారు ఆరు గంటలే. మన పర్లాకిమిడిలో అదే రోజు దాదాపు 11 గంటలు, జూన్‌లో 13 గంటల పావు. రెంటికీ మధ్య రెండుంపావు గంటలే తేడా. కాబట్టి మనకి పగలు పొట్టిదవడం పెద్ద సమస్య కాదు.

పగలు ఎంత పొడుగున్నా మనం దాని కింద ఎంతసేపున్నామన్నదే ప్రశ్న. మన తాతలు పొలంలో ఉండేవారు, ముసురైనా తాటాకు గొడుగు వేసుకుని. ఇప్పుడు గుణుపురంలోనే చూడు, షట్టరు కింద కొట్టు, ఆ వెనకే ఇల్లు, ఆ ఇంటికి ఉన్నది ఒక్క కిటికీ. అందులో వారం రోజులుంటే మంచు దేశంలో ఉన్నట్టే.

సిరొంచ పోరడు | ఆగస్టు 19, రాత్రి 10:31

పంతులు సారు చెప్పింది మాకు గట్లనే అవుతది. మాకాడ ప్రాణహిత, గోదారి రెండు ఒక్కపారే పొంగితె వాగులన్ని ఎదురు తంతయ్. రోడ్డు బంద్, కరెంటు బంద్, ఇండ్లనే పండుడు. గప్పుడు మా నాయిన ఊకె కోపానికొస్తడు. చేనుల పనుంటె మనిషి మంచిగుంటడు. నేను గది పైసల ఫికర్ అనుకుంటి. రెండూ ఉన్నట్టున్నయ్.

రాయగడ సిస్టర్ | ఆగస్టు 20, ఉదయం 7:15

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నా. సునాబెడ కోడలు గారూ, వెలుతురు గురించి మాష్టారు చెప్పింది కొట్టిపారేసేది కాదు. కానీ అన్నీ దాని మీదకే తోసేయకండి. ఎక్కువ నిద్ర, ఒళ్ళు బరువు, నీరసం: ఈ మూడూ థైరాయిడ్ తగ్గినా ఉంటాయి, రక్తం తగ్గినా ఉంటాయి. మన వైపు ఆడవాళ్ళలో రక్తహీనత ఎంత మామూలో ఓపీలో రోజూ చూస్తున్నాను. ముందు హెమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చూపించుకోండి.

ఇంకొకటి. రెండు వారాలకి పైగా దిగులు రోజంతా ఉంటే, ఏదీ చెయ్యబుద్ధి కాకపోతే, బతకడమెందుకు అనిపిస్తే వర్షం ఆగేదాకా ఆగకండి. 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలిమానస్, 2022లో కేంద్రం పెట్టింది. పగలూ రాత్రీ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో కూడా మాట్లాడతారు.

వెలుతురుని మరీ చిన్నచూపు చూడను. కెనడాలో మానసిక వార్డులో ఎండపడే గదుల్లో ఉన్న డిప్రెషన్ రోగులు మసక గదుల్లో ఉన్నవాళ్ళకన్నా సగటున రెండున్నర రోజులు ముందే ఇంటికెళ్ళారని 1996లో రాశారు. మా వార్డులో కిటికీ పక్క మంచం కోసం జనం కొట్టుకోవడం గాలి కోసమే అనుకునేదాన్ని.

జయపురం మందులకొట్టు | ఆగస్టు 20, ఉదయం 9:40

ఇంత చర్చ ఎందుకండీ, అది డి విటమిన్ తగ్గడమే. 60,000 యూనిట్ల పొడి పొట్లం వారానికొకటి పాలల్లో కలుపుకుని తాగితే సరి. లేదా పొద్దున్నే లేత ఎండలో కూర్చోండి, డి విటమిన్ బోలెడు.

రాయగడ సిస్టర్ | ఆగస్టు 20, ఉదయం 10:05

అన్నయ్యా, చీటీ లేకుండా ఆ పొట్లాలు అమ్మకండి. నెలల తరబడి తాగేసి కాల్షియం పెరిగి వాంతులతో వచ్చినవాళ్ళని చూశాం.

ఇవి రెండు వేరు వేరు దారులు. డి విటమిన్ తయారయ్యేది చర్మంలో, అతినీలలోహిత కిరణాలు తగిలితే. గడియారం సరిపడేది కంటి ద్వారా, మామూలు వెలుగుతో. మీరు చెప్పిన లేత ఎండలో ఆ కిరణాలు చాలా తక్కువ, ఎందుకంటే సూర్యుడు కిందికున్నప్పుడు గాలిపొరల్లోనే ఆగిపోతాయి. డి విటమిన్ కావాలంటే పది దాటాక ఎండ తగలాలి. కిటికీ అద్దం వెనక కూర్చుంటే అదీ రాదు, అద్దం ఆపేస్తుంది. గడియారానికి మాత్రం తెల్లారగానే వచ్చే వెలుగే పనికొస్తుంది, మబ్బులోంచి వచ్చినా సరే.

గుణుపురం బుల్లోడు | ఆగస్టు 20, మధ్యాహ్నం 1:30

పొద్దున్నించి కొట్టు ఖాళీ. ఫోన్లో లక్స్ కొలిసే యాప్ దింపి ఊరికే తిరిగాను. అది అంత కరెక్టు కాదంటారు గానీ అంచనాకి సాల్తాది కదా. సినుకు పడతానే ఉంది.

నడిమింట్లో ట్యూబులైటు కింద 90. లైటు తీసేస్తే 15. కిటికీ పక్కన బల్ల మీద 700, అక్కణ్ణించి మూడడుగులు లోపలికి జరిగితే 200కి పడిపోయింది. వసారాలో 2,000. వీధిలోకెల్లి గొడుగు పక్కకి పెట్టి సూస్తే 11,000! ఈ మబ్బులోనే!

రోగం అని మాత్రం నాను ఇంకా ఒప్పుకోను మాష్టారూ. కానీ ఈ లెక్క సూసి మా అమ్మ బియ్యం ఏరుకునే సేట పట్టుకుని వసారాలోకి ఎల్లిపోయింది.

పర్లాకిమిడి పంతులు | ఆగస్టు 20, మధ్యాహ్నం 2:15

శభాష్. మూడడుగులు లోపలికి జరిగితే ఎంత పోయిందో చూశావా? కిటికీలోంచి కనిపించే ఆకాశం ముక్క చిన్నదవుతుంది, అందుకని.

వెలుగుతో చేసే వైద్యంలో మామూలుగా వాడేది 10,000 లక్స్, పొద్దున్న అరగంట. మొదట్లో 2,500 లక్స్ దీపాలతో రెండేసి గంటలు కూర్చోబెట్టేవారు. అంటే వెలుగు తగ్గితే సమయం పెంచాలి. నీ వసారాలో రెండు గంటల పైన, నీ వీధిలో అరగంట. సూర్యుణ్ణి చూడక్కర్లేదు, చూడనూ కూడదు. కళ్ళు తెరిచి ఆరుబయట ఉంటే చాలు.

బల్లార్షా బాయి మనిషి | ఆగస్టు 20, రాత్రి 7:50

మీకు మబ్బు తిప్పలు, మాకు బొగ్గు బాయి తిప్పలు. నేను కిందికి దిగి పని జేసేటోణ్ణి. నైట్ షిఫ్ట్ల వారమైతె పొద్దుగాల పైకొచ్చేసరికి ఎండ మొఖం మీద కొడతది. ఇంటికొచ్చి పండితె నిద్ర పట్టది. సాయంత్రం లేస్తె పొద్దు గూకుతాంటది. మల్ల చీకట్లకే దిగుడు. వారం అయినంక షిఫ్ట్ మారుతది, అదొక నరకం. మా ఇంటామె "నీకు ఊకె కోపమే" అంటది. వెలుగు మంచిదంటున్నరు, మరి నాకు పొద్దుటి ఎండ మంచిదా చెడ్డదా?

పర్లాకిమిడి పంతులు | ఆగస్టు 20, రాత్రి 9:20

తమ్ముడూ, మంచి ప్రశ్న వేశావు. వెలుగు మందులాంటిదే, వేళ తప్పితే తిరగబడుతుంది. నైట్ షిఫ్ట్ వారంలో పొద్దుటెండ నీకు శత్రువు. పడుకోబోయే ముందు "తెల్లారింది, లే" అని చెబుతుందది. పైకి రాగానే నల్లద్దాలు పెట్టుకో. బండి నడిపేది నువ్వే అయితే మాత్రం వద్దు, నిద్రమత్తుకి చీకటద్దాలు తోడైతే ప్రమాదం. ఇంట్లో కిటికీకి మందంగా నల్లగుడ్డ కట్టుకో. సాయంత్రం లేవగానే పొద్దు గూకేలోపల కాసేపు ఆరుబయట కూర్చో, నీకదే పొద్దుట. గడియారం సర్దుకోవడం రోజుకి దాదాపు గంట చొప్పునే. వారానికోసారి షిఫ్ట్ మారిస్తే అది సర్దుకునేలోపే మళ్ళీ తిరగేస్తున్నారన్నమాట. ఇందులో నీ కోపం తప్పేం లేదు.

దెగ్లూర్ టీచరమ్మ | ఆగస్టు 21, ఉదయం 6:40

మీరందరు తూర్పు దిక్కు వాళ్ళు. మా నాందేడ్ జిల్లాల పొద్దు మీకన్నా లేటు. దేశమంతా ఒకటే గడియారం, అది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. మ్యాపుల చూస్తే ఆ రేఖ జయపురం పక్కనుంచే పోతది. దెగ్లూర్ 77.6 దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాలు లెక్కేస్తే, ఆ రేఖకు ఇంకా తూర్పున ఉన్న పర్లాకిమిడికి, మాకు 26 నిమిషాల తేడా.

ఇది చిన్నది కాదు. పొద్దు అన్నిటికన్నా లేటుగ పొడిచేది డిసెంబర్ల కాదు, జనవరిల. అప్పుడు మాకు ఏడింటికి కొద్దిగ ముందు పొడుస్తది. పొద్దుటి బడి పిల్లలు చీకట్లనే లేచి, చీకట్లనే తయారై, వచ్చి నేరుగ తరగతి గదిల కూసుంటరు. మొదటి పీరియడ్ల సగం మంది ఆవులింతలే. నేను మొదటి పీరియడ్ ఎక్కాలు, పద్యాలు మైదానంలనే చెప్పిస్త. నిద్ర మత్తు జల్ది వదులుతది. బయట తిరిగే పిల్లలకు దూరపు చూపు తొందరగ చెడదని కూడా తేలింది కదా, అదొక లాభం. హెడ్మాస్టర్ మొదట్ల గునిసిండు, ఇప్పుడు ఏమంటలేడు.

పర్లాకిమిడి పంతులు | ఆగస్టు 21, ఉదయం 8:00

టీచరమ్మగారూ, మా బాధ దానికి అటుపక్క. నవంబరు ఆఖరుకి ఇక్కడ అయిదుంపావుకే పొద్దు గూకిపోతుంది. ఆఫీసు నించి వచ్చేవాడికి సాయంత్రమనేదే లేదు.

ఎవరో ఒకరు అంటారని ఎదురుచూస్తున్నా, నేనే అనేస్తాను: "ఆరోగ్యం భాస్కరాదిచ్ఛేత్", ఆరోగ్యం కావాలంటే సూర్యుణ్ణే కోరాలని. మా పక్కనే అరసవల్లి సూర్యుడి గుడి. ఆదివారమాదివారం జనం తెల్లవారుజామునే బయల్దేరి వెళ్ళి ఆరుబయట క్యూలో గంటలు నిలబడతారు. పుణ్యం సంగతి దేవుడికెరుక, కంటికి మాత్రం కావలసినంత వెలుగు పడుతుంది.

చాందా కూలర్ కింద | ఆగస్టు 21, మధ్యాహ్నం 12:20

నాది ఉల్టా కేసు. నాకు ముసురంటే ప్రాణం. మే నెలల మా చంద్రపూర్ల 47 డిగ్రీలు పోతది. కిటికీలకు వట్టివేళ్ళ తడికెలు, తలుపులు బంద్, కూలర్ కింద చీకట్ల పడి ఉండుడు. గప్పుడు నాకు నిద్ర పట్టది, ఆకలి గాదు, ఎవ్వరు మాట్లాడినా చిరాకు. సునాబెడ అక్కది అంతా రివర్స్. ఇద్దరిదీ ఒకటే రోగమా?

రాయగడ సిస్టర్ | ఆగస్టు 21, సాయంత్రం 4:45

కాలాన్ని బట్టి వచ్చేదే రెండూ, కానీ రకం వేరు. ఎండాకాలపు దిగులుని 1987లో విడిగా వర్ణించారు. మీరు చెప్పినవే దాని గుర్తులు: నిద్ర తగ్గడం, ఆకలి చావడం, చికాకు. చలికాలపు రకంలో నిద్రా తీపి యావా పెరుగుతాయి. మీకు వేడి, నిద్రలేమి పెద్ద పాత్ర వేస్తున్నట్టున్నాయి. వెలుతురు కావాలంటే తెల్లారగట్ల అయిదున్నర నించి ఏడులోపల. ఆ తరవాత అక్కడ ఎండలోకి వెళ్ళమని నేను చెప్పను, వడదెబ్బ దిగులుకన్నా ముందు చంపుతుంది.

సునాబెడ కోడలు | ఆగస్టు 21, రాత్రి 9:55

ఇంతమంది రాస్తారనుకోలేదు. అందరూ పొద్దున్నే బయటికెళ్ళమంటున్నారు. నిజం చెప్పనా? నా పొద్దున్న ఎవరికీ తెలియదు. అయిదున్నరకి లేస్తే నీళ్ళు పట్టడం, టిఫిను, ఈయన కేరియర్, పిల్లాడి కేరియర్. ఏడుంపావుకి ఫ్యాక్టరీ బస్సు, ఏడున్నరకి స్కూలు ఆటో. అందరూ వెళ్ళాక గిన్నెలు. వంటగదికి ఉన్న కిటికీ కొండవైపు. నేను వీధిలోకి వచ్చేసరికి పది. వాకింగ్ మగవాళ్ళకి కుదురుతుందండీ.

ఆన్‌లైన్లో "మూడ్ దీపం" అని అమ్ముతున్నారు, కొనుక్కోమంటారా?

రాయగడ సిస్టర్ | ఆగస్టు 22, ఉదయం 7:30

ఈ మాట ఎవరో ఒకరు అనాల్సిందే. ఆరింటికి పార్కుకెళ్ళమని రాసే డాక్టర్లకి ఇంట్లో కేరియర్ ఎవరు కడతారో!

వాకింగ్ మానేయండి, పని బయటికి మోయండి. కూర తరగడం, కొబ్బరి తురమడం, పిల్లాడికి తల దువ్వడం, మీ టీ: ఇవి నాలుగూ వసారాలో అవుతాయి. పీట గుమ్మంలో కాదు, వసారా అంచుకి వేసుకోండి, ఆకాశం కనపడాలి. ముఖం బయటికి ఉండాలి, గోడకి కాదు. అలా చిన్న చిన్న ముక్కలుగా అయినా సరే, అసలు లేకపోవడం కన్నా నయం. పనసచెట్టు కొమ్మలు రెండు కొట్టించండి. చెమ్మకి భయపడి అన్ని కిటికీలూ మూయకండి, వాన జల్లు కొట్టని వైపువి తెరవండి.

దీపం గురించి: 10,000 లక్స్ అని డబ్బా మీద ఉంటే ఎంత దూరంలోనో చూడండి. కొన్ని చిన్నవి ముక్కుకి ఆనించుకుంటే తప్ప అంత ఇవ్వవు. అడుగున్నర దూరంలో ఇచ్చే వెడల్పాటి పలక కావాలి, అతినీలలోహిత కిరణాలు ఆపేది కావాలి. పక్కగా పెట్టుకుని పని చేసుకోవాలి, తేరిపారి చూడకూడదు. సాయంత్రం వాడితే రాత్రి నిద్ర పోతుంది. మీకు గానీ ఇంట్లోవాళ్ళకి గానీ ఎప్పుడైనా బైపోలార్ (దిగులూ అతి ఉత్సాహమూ మారిమారి వచ్చే జబ్బు) అని చెప్పి ఉంటే డాక్టరుని అడక్కుండా ముట్టుకోవద్దు, ఉత్సాహం హద్దు దాటి ఉన్మాదంలోకి తోసే ప్రమాదం ఉంది. కంటి రెటీనా జబ్బున్నవాళ్ళూ అంతే. డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మందు వాడుతున్నా ముందే చెప్పండి, దానితో చర్మం వెలుగుకి తొందరగా కందిపోతుంది.

గుణుపురం బుల్లోడు | ఆగస్టు 22, ఉదయం 8:10

కేరియర్ ఆయన్నే కట్టుకోమనండి. నానైతే కట్టుకుంటాను. (పెళ్ళి కానేదు, అది ఏరే సంగతి.)

సిరొంచ పోరడు | ఆగస్టు 22, ఉదయం 8:14

పెండ్లయినంక చెప్పు తమ్మీ, చూస్తం.

సునాబెడ కోడలు | ఆగస్టు 30, సాయంత్రం 5:20

పరీక్షలు చేయించాను. థైరాయిడ్ బాగానే ఉంది. హెమోగ్లోబిన్ 9.2. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసింది. దిగులు గురించి కూడా అడిగింది, నెల తరవాత మళ్ళీ రమ్మంది. దీపం అప్పుడే వద్దంది.

పీట వసారాలోకి వచ్చింది. మొదటిరోజు పక్క క్వార్టరావిడ "ఏమైంది, లోపల గొడవా?" అని అడిగింది. ఇప్పుడు ఆవిడా చిక్కుడుకాయలు తెచ్చుకుని వస్తోంది. పొద్దున్న లేవడం కొంచెం తేలికైంది. అది ఐరన్ వల్లో వెలుతురు వల్లో కబుర్ల వల్లో నాకు తెలియడం లేదు. తీపి యావ మాత్రం అలాగే ఉంది. సిస్టర్‌గారూ, వసారాలో టీ తాగుతూ ఐరన్ మాత్ర కూడా వేసేసుకుంటున్నాను, ఫర్వాలేదా?

రాయగడ సిస్టర్ | ఆగస్టు 30, రాత్రి 8:35

ఫర్వా ఉంది! టీతో వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు. టీకీ మాత్రకీ కనీసం గంట, వీలైతే రెండు గంటల ఎడం ఉంచండి. నిమ్మకాయ నీళ్ళతో వేసుకోండి. మలం నల్లగా వస్తే కంగారు పడకండి, అది మామూలే. మన జిల్లాల్లో సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు) కూడా ఉంటుంది కాబట్టి నెల తరవాత వెళ్ళినప్పుడు ఆ పరీక్ష చేశారో లేదో అడగండి.